తనను దాటి వెళ్లమని దారిచ్చిన కరివర్ధన్

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఒకటుంది. బ్రిటిష్‌వాళ్లు తమ యుద్ధ విమానాల కోసం వేసింది. యుద్ధం ముగిసింది, విమానాలు వెళ్లిపోయాయి, రన్‌వే మాత్రం ఉండిపోయింది. ఇలాంటిదే ఇంకొకటి మద్రాసు పక్కన షోలవరంలో మిగిలింది. ఏలూరు మీదుగా పోయే కలకత్తా-మద్రాసు రోడ్డు పట్టుకుని దక్షిణానికి వెళ్తే, ఇక మద్రాసు వచ్చేస్తోందనగా ఆ ఊరు తగులుతుంది. గూడెం రన్‌వేకి పట్టని యోగం షోలవరం రన్‌వేకి పట్టింది. 1950ల నుంచి దశాబ్దాల పాటు దానిమీద కార్ల రేసులు, మోటారు సైకిళ్ల రేసులు జరిగాయి. చూడ్డానికి జనం విరగబడి వచ్చేవారు.

ఆ రన్‌వే మీద పేరు తెచ్చుకున్నవాళ్లలో ఒకాయన ఉన్నారు. పేరు సుందరం కరివర్ధన్. స్నేహితులకీ, అభిమానులకీ వట్టి 'కరి'. గెలిచి కప్పులు ఇంటికి తీసుకెళ్లినవాళ్లు చాలామందే ఉంటారు. కానీ తన తర్వాత వచ్చే పిల్లలు తనకన్నా ముందుకు పోవాలని, వాళ్ల కోసం తన చేతులతో కార్లు తయారుచేసి ఇచ్చిన రేసర్లు ఎంతమంది ఉంటారు? కరి కథలో అసలు సంగతి అదే.

కార్ల రేసుతో మనకేం పని అంటారా? పని ఉంది. కొత్తకోడలికి వంటిల్లు అప్పజెప్పే అత్తగారికీ, కొత్త టీచరుకు తన తరగతి అప్పగించి రిటైరయ్యే పెద్ద టీచరమ్మకూ, ఈ రేసుల మనిషికీ ఎదురైన ప్రశ్న ఒకటే. మనకు వచ్చింది ఎదుటివాళ్లకు నేర్పితే మన చోటు ఏమవుతుంది? చాలామంది ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. సాంబారుపొడి కొలత మాత్రం చెప్పకుండా మిగతాదంతా చెబుతారు. కరి ఆ కొలతతో సహా చెప్పేసిన మనిషి.

కోయంబత్తూరులో తెలుగిల్లు

కరివర్ధన్ 1954లో పుట్టారు. ఊరు తమిళనాడులోని కోయంబత్తూరు. ఊరు తమిళానిదే అయినా అక్కడ ఇళ్లలో తెలుగు మాట్లాడుకునే నాయుళ్ల కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. విజయనగర రాజుల కాలంలోనూ, ఆ తర్వాతా మన వైపు నుంచి వలస వెళ్లినవాళ్ల వారసులు వాళ్లు. నల్లరేగడి నేలల్లో పత్తి పండించారు. పత్తి పండిన చోట మిల్లులు పెట్టారు. మిల్లులున్న చోట యంత్రాలు బాగుచేసే వర్క్‌షాపులు పుట్టుకొచ్చాయి. కోయంబత్తూరు పంపులకూ, మోటార్లకూ పేరుపడటానికి కారణం ఇదే. మన డెల్టా పొలాల్లో తిరిగే నీటి మోటార్ల మీద కూడా ఆ ఊరి పేరు కనిపిస్తుంది, గమనించే ఉంటారు.

ఆ ఊరి తెలుగువాళ్లలో అందరికీ తెలిసిన పేరు జి.డి.నాయుడు. 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద బస్సుల కంపెనీని నిలబెట్టారు. చిన్నాపెద్దా యంత్రాలు ఎన్నో తయారుచేశారు. పెద్ద చదువులు చదవకుండానే ఇంజినీరు అనిపించుకున్న మనిషి. ఇంకో పెద్ద పేరు జి.కుప్పుస్వామి నాయుడు. 1910లో లక్ష్మీ మిల్స్ పెట్టింది ఆయనే. ఆయన పేరు మీద కోయంబత్తూరులో పెద్దాసుపత్రి కూడా ఉంది. కరివర్ధన్ ఆ లక్ష్మీ మిల్స్ కుటుంబంలోని పిల్లవాడు.

అంటే కలిగిన ఇల్లే. నూలు మిల్లుల వ్యాపారం చూసుకుంటూ హాయిగా ఉండొచ్చు. కానీ ఆ ఊళ్లో పిల్లలకు యంత్రం అంటే భయం ఉండదు. మన కొల్లేటి లంకల్లో పిల్లలు నడకతో పాటే దోనె ఎక్కడం నేర్చుకున్నట్టు, అక్కడి పిల్లలు స్పానరు పట్టుకుని పెరుగుతారు. కరికి కార్లంటే ప్రాణం. కారు నడపడం ఒక్కటే కాదు, దాన్ని విప్పడం, మళ్లీ బిగించడం, ఇంకొంచెం జోరుగా పోయేలా మార్చడం. ఆ పిచ్చి ఆయన్ని షోలవరం దాకా తీసుకొచ్చింది.

అంబాసిడర్, ఫియట్ల కాలం

అప్పటి పరిస్థితి ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. దేశంలో దొరికే కార్లు ముచ్చటగా మూడు రకాలు. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్. కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్లతరబడి కాచుక్కూర్చోవాలి. రేసు కోసమని ప్రత్యేకంగా కార్లు తయారయ్యేవి కావు. విదేశాల నుంచి తెప్పించుకోవాలంటే పన్నులు, పర్మిట్లు. అందుకే రేసు ట్రాకు మీద రెండు రకాల మనుషులు కనిపించేవారు. డబ్బున్నవాళ్లు బయటి నుంచి బండి తెప్పించుకునేవారు. 1980ల్లో విజయ్ మాల్యా ఏకంగా ఫార్ములా వన్‌లో పరిగెత్తిన ఎన్‌సైన్ కారును తెచ్చి షోలవరంలో నడిపారు. ఇక రెండో రకం, పాత ఫియట్ ఇంజిన్ని విప్పి, రకరకాలుగా మార్చి, తమ కారును తామే కట్టుకునేవారు.

కరి దగ్గర డబ్బూ ఉంది, చేతిలో పనీ ఉంది. ఈ రెండూ ఒక్కచోట ఉండటం అరుదు. పైగా ట్రాకు మీద మంచి డ్రైవరు. 1970లు, 80ల్లో దక్షిణాది రేసుల్లో ఆయన పేరు బాగా వినపడేది. అలా ఇంకో పదేళ్లు గెలుస్తూ పోయినా ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆయన చూపు వేరేచోట పడింది. ట్రాకు పక్కన నిలబడి, కళ్లార్పకుండా కార్లను చూస్తున్న కుర్రాళ్ల మీద.

ఒంటరి ఆటలా కనిపిస్తుంది గానీ...

కరి ఏం చేశారో తెలియాలంటే ముందు రేసు సంగతి కొంచెం తెలియాలి. బయటినుంచి చూసేవాళ్లకు ఇది ఒక్కడి ఆట. హెల్మెట్ పెట్టుకున్న ఒకే మనిషి, ఒకే స్టీరింగు. కానీ ఆ కారు వెనక పదిమంది ఉంటారు. టైర్లు బిగించేవాళ్లు, పెట్రోలు లెక్క చూసేవాళ్లు, ఒక్కో చుట్టు ఎంతసేపు పట్టిందో రాసేవాళ్లు. కంప్యూటర్లు రాకముందు ఈ చివరి పని ఎక్కువగా ఎవరు చేసేవారో తెలుసా? డ్రైవర్ల భార్యలు. ఆస్ట్రియా డ్రైవరు జోచెన్ రింట్ భార్య నినా మెడలో స్టాప్‌వాచీలు వేసుకుని, ఒళ్లో కాగితాలు పెట్టుకుని చుట్లు లెక్కగట్టేది. పాతికమంది మగవాళ్లు దూసుకుపోతుంటే ఎవరు ఎక్కడున్నారో తప్పు లేకుండా చెప్పగలిగింది ఆ కాగితాలే.

ఇక జట్టులో ఇద్దరు డ్రైవర్లు ఉంటారు. సాధారణంగా ఒకరు చేయి తిరిగినవారు, ఒకరు కొత్తవారు. ఇద్దరికీ ఒకే రకం కారు. కొల్లేటి మీద ఆటపాక గూడబాతులు ఎగరడం చూశారా? ఒకదాని వెనక ఒకటి బారుగా పోతాయి. ముందున్న పక్షికి శ్రమ ఎక్కువ, వెనకున్నవాటికి తక్కువ. అందుకే వంతులు మార్చుకుంటాయి. కార్ల లెక్క అచ్చంగా అదే కాకపోయినా దాని సారం ఒకటే. ముందు కారు గాలిని చీల్చుకుంటూ పోతే, దాని తోకకు అంటుకుని వచ్చే కారుకు గాలి అడ్డు తగ్గుతుంది. అదే ఇంజినుతో ఇంకాస్త వేగం వస్తుంది. నేరుగా సాగే దారిలో రెండు కార్లు ఒకదాన్నొకటి ఇలా లాక్కుంటూ పోతే, విడిగా పోయే కారుకన్నా ముందుంటాయి.

ఇది కంటికి కనిపించే సాయం. కనిపించనిది ఇంకా ఎక్కువ. ఏ మలుపు దగ్గర బ్రేకు ఎక్కడ వేయాలి, టైరు అరిగిందని స్టీరింగు పట్టులో ఎలా తెలుస్తుంది, వాన పడ్డ ట్రాకు మీద నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, ముందువాణ్ని దాటే ప్రయత్నం ఎప్పుడు మానుకోవాలి... ఇవి పుస్తకాల్లో ఉండవు. పెద్ద డ్రైవరు చిన్న డ్రైవరును వెంటబెట్టుకుని ట్రాకు మొత్తం కాలినడకన తిప్పుతాడు. ఆ తర్వాత తను ముందు నడుపుతూ, తన దారి వెంటే రమ్మంటాడు. తను బ్రేకు వేసిన చోటే బ్రేకు, తను తిప్పిన చోటే మలుపు. కొల్లేట్లో పెద్దాయన గడ వేస్తుంటే కుర్రవాడు వల విసరడం నేర్చుకుంటాడు చూడండి, అలాగన్నమాట.

అయితే ఇందులో ఒక చిక్కుంది. జట్టులో ఇద్దరికీ ఒకే కారు కాబట్టి, ఎవరు గొప్పో తేల్చడానికి అందరూ చూసేది ఆ ఇద్దరినే. ఓడిపోతే కారు బాగాలేదని సాకు చెప్పడానికి లేదు. అదే కారుతో పక్కవాడు గెలిచాడుగా! అంటే నువ్వు నేర్పిన శిష్యుడే నీకు మొదటి పోటీ. రేపు నీ సీటు పోతే అది అతనికే పోతుంది. చాలా జట్లలో పెద్ద డ్రైవర్లు నోరు విప్పకపోవడానికి కారణం ఇదే.

బాల్కార్సే మెకానిక్కు కథ

ఈ చిక్కును ప్రపంచంలో అందరికన్నా అందంగా విప్పినవాడు అర్జెంటీనాకు చెందిన హువాన్ మాన్యువల్ ఫాంజియో. 1911లో బాల్కార్సే అనే చిన్న ఊళ్లో పుట్టాడు. మొదట మెకానిక్కు. మిగతావాళ్లు రేసులు మానేసే వయసులో, నలభయ్యో పడికి దగ్గరపడుతుండగా యూరప్ వచ్చాడు. 1951, 54, 55, 56, 57... అయిదుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు.

1955లో మెర్సిడెస్ జట్టులో ఫాంజియో పక్కన ఇంగ్లండు కుర్రాడు స్టెర్లింగ్ మాస్ చేరాడు. ఫాంజియోకు నలభై నాలుగు, మాస్‌కు పాతిక. ఆ ఏడాదంతా మాస్ గురువు కారు తోకకు అంటుకునే నడిపాడు. ఒకే దారిలో, ఒకే లయలో రైలు పెట్టెల్లా పోయేవి ఆ రెండు కార్లు. జులైలో ఇంగ్లండులోని ఎయిన్‌ట్రీలో రేసు జరిగింది. మాస్ సొంత దేశం, సొంత జనం. మాస్ ముందు, వెనకే ఫాంజియో. సెకనులో అయిదో వంతు తేడాతో మాస్ గెలిచాడు. పెద్దాయన కావాలనే వదిలిపెట్టాడా అన్న అనుమానం మాస్‌కు జీవితాంతం తీరలేదు. అడిగిన ప్రతిసారీ ఫాంజియో మాత్రం ఆ రోజు మాసే బాగా నడిపాడని చెప్పి ఊరుకున్నాడు. నిజం ఏదైనా, గెలుపు పూర్తిగా కుర్రాడికే దక్కేలా మాట్లాడిన ఆ పెద్దరికం గొప్పది.

మరుసటి ఏడాది ఇటలీలోని మోంజాలో దీనికి తిరగేసిన కథ జరిగింది. అప్పుడు ఫాంజియో ఫెరారీ జట్టులో ఉన్నాడు. ఆ రేసుతో ప్రపంచ విజేత ఎవరో తేలిపోతుంది. మధ్యలో ఫాంజియో కారు స్టీరింగు దెబ్బతింది. జట్టులోని పీటర్ కాలిన్స్‌కు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. అతనికీ ప్రపంచ విజేత అయ్యే అవకాశం మిణుకుమిణుకుమంటూ ఉంది. టైర్లు చూపించుకోవడానికి ఆగిన కాలిన్స్, కారు దిగి తన సీటు ఫాంజియోకు ఇచ్చేశాడు. అప్పటి నిబంధనలు అలా కారు మార్చుకోవడానికి ఒప్పుకునేవి. ఫాంజియో రెండో స్థానంలో వచ్చి ప్రపంచ విజేత అయ్యాడు. తనకింకా వయసుంది, మళ్లీ ప్రయత్నించొచ్చు అనుకున్నాడు కాలిన్స్. కానీ రెండేళ్లు తిరక్కుండా, 1958 ఆగస్టులో జర్మనీలో జరిగిన ప్రమాదంలో చనిపోయాడు. ఆ బిరుదు అతనికి ఎప్పటికీ దక్కలేదు. రేసుల్లో సీటు ఇవ్వడం అంటే ఏం ఇవ్వడమో ఈ ఒక్క సంగతి చాలు తెలుసుకోవడానికి.

ఫాంజియో సలహా ఒక మహిళకూ అందింది. ఫార్ములా వన్‌లో నడిపిన తొలి మహిళ, ఇటలీకి చెందిన మరియా తెరెసా డి ఫిలిప్పిస్. 1958లో బెల్జియం రేసులో పదో స్థానంలో నిలిచింది. ఆడమనిషి కాబట్టి జంకుతుందేమోనని అందరూ అనుకుంటుంటే, ఫాంజియో మాత్రం ఆమె మరీ జోరుగా పోతోందని, అంత తెగింపు పనికిరాదని జాగ్రత్త చెప్పేవాడట. ఆడపిల్ల అని తక్కువ చేయకుండా, తోటి డ్రైవరుగా చూసి చెప్పిన మాట అది.

మారుతి ఇంజినుతో రేసుకారు

మళ్లీ మన కరి దగ్గరికి వద్దాం. ఫాంజియోకు మెర్సిడెస్ ఉంది, ఫెరారీ ఉంది. కుర్రాళ్లకు ఆ కంపెనీలే సీట్లిచ్చాయి. మన దేశంలో సీటే లేదు. నేర్పడానికి గురువు సిద్ధంగా ఉన్నా, నేర్చుకోవడానికి శిష్యుడికి కారేది? కరి ఈ ముడి దగ్గర మొదలుపెట్టారు.

1983 డిసెంబరులో మారుతి 800 కారు వచ్చింది. మన మధ్యతరగతి ఇళ్ల ముందు మొదటిసారి కారు నిలబడింది దాని పుణ్యమే. చిన్న ఇంజిను, మూడు సిలిండర్లు, 796 సీసీ. తేలిగ్గా ఉంటుంది, విడిభాగాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, ఏ మెకానిక్కయినా విప్పగలడు. అందరూ దాన్ని పిల్లల్ని బడికి దింపడానికి వాడుకుంటుంటే, కరికి అందులో రేసుకారు కనిపించింది. 1980ల చివర్లో ఆ ఇంజినుతో పైకప్పు లేని, ఒక్క సీటుండే, నేలకు ఆనుకున్నట్టుండే బుల్లి రేసుకారు తయారుచేశారు. దానికే ఫార్ములా మారుతి అని పేరు.

దీని గొప్పదనం వేగంలో లేదు, ధరలో ఉంది. విదేశీ రేసుకారుకయ్యే ఖర్చులో చిన్న ముక్కతో ఇది అయిపోతుంది. రెండో గొప్పదనం, అందరికీ ఒకే రకం కారు. డబ్బున్న వాడి కారు గొప్ప, లేనివాడి కారు తక్కువ అనే తేడా పోయింది. ఇక తేలాల్సింది ఎవరి చేయి ఎంత అనేదే. ఒక కాలేజీ కుర్రాడు, ఇరవయ్యేళ్లుగా రేసుల్లో ఉన్న పెద్దాయన పక్కపక్కన నిలబడి సరిసమానంగా పోటీ పడగలిగే రోజు వచ్చింది.

ఒక్కసారి ఆలోచించండి. కరి తనే ఒక రేసరు. ఖరీదైన కార్లు కొనుక్కోగలిగిన కొద్దిమందిలో ఒకరు. ఆ పద్ధతే కొనసాగితే లాభం ఆయనకే. అలాంటిది ఎవరైనా సరే వచ్చి తనను ఓడించగలిగేలా ఆయన కార్లు కట్టారు. కోయంబత్తూరు వర్క్‌షాపు కొత్త డ్రైవర్లకు బడి అయింది. అందులో పెరిగినవాళ్లలో కొందరు తర్వాత పేరున్న డ్రైవర్లయ్యారు. ఇంకొందరు కార్లు కట్టేవాళ్లు, జట్లు నడిపేవాళ్లు, రేసులు నిర్వహించేవాళ్లు అయ్యారు. ఇలా దేశంలో మోటారు రేసులకు కోయంబత్తూరు పుట్టిల్లయింది.

ఇంతలో రేసుల చోటు కూడా మారింది. 1990 ప్రాంతంలో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో సొంత ట్రాకు వేసుకుంది. యుద్ధకాలపు రన్‌వే మీద పరుగులు ముగిసి, రేసుల కోసమే వేసిన దారి మీద పరుగులు మొదలయ్యాయి.

సంక్రాంతి నాడు పుట్టిన కుర్రాడు

కోయంబత్తూరులో జి.ఆర్.కార్తికేయన్ అని ర్యాలీ డ్రైవరు ఉండేవారు. ర్యాలీ అంటే చుట్టూ తిరిగే ట్రాకు రేసు కాదు. మామూలు దారుల మీద, అడవి బాటల్లో రోజుల తరబడి నడపాలి. పక్క సీట్లో ఇంకొకరు కూచుని, దారి చదువుతూ, ముందొచ్చే మలుపు ఎలాంటిదో చెబుతూ ఉంటారు. ఆ మాట మీద పూర్తి నమ్మకం ఉంటేనే డ్రైవరు వేగంగా పోగలడు. కార్తికేయన్ సౌత్ ఇండియా ర్యాలీని ఏడుసార్లు గెలిచారు. ఆయన కొడుకు నరైన్. 1977 జనవరి 14న, అంటే సంక్రాంతి రోజుల్లో పుట్టాడు.

ఇంట్లోనే గెలుపు గుర్రం ఉన్నా, పిల్లవాడికి కావాల్సింది తన వయసుకు, తన చేతికి సరిపోయే కారు. నరైన్ మొదటిసారి రేసులో దిగింది శ్రీపెరంబుదూరు ట్రాకు మీద, ఫార్ములా మారుతి కారులో. కరి కట్టిన ఆ బుల్లి కారన్నమాట. మొదటి రేసులోనే మొదటి ముగ్గురిలో నిలిచాడు. 1992లో, పదిహేనేళ్ల వయసులో ఫ్రాన్సులోని ఎల్ఫ్ విన్‌ఫీల్డ్ రేసింగు స్కూలుకు వెళ్లి అక్కడి పోటీలో సెమీఫైనల్ దాకా వచ్చాడు. 1993లో తిరిగొచ్చి మళ్లీ ఫార్ములా మారుతిలో నడిపాడు. అదే ఏడాది బ్రిటన్లోనూ పోటీ చేశాడు. 1994లో అక్కడి ఫార్ములా ఫోర్డ్ వింటర్ సిరీస్ గెలిచాడు. యూరప్‌లో చాంపియన్‌షిప్ గెలిచిన తొలి భారతీయుడు అతనే.

తండ్రి ఇచ్చిన ధైర్యం, కరి చూపిన దారి, రెండూ కలిసిన ఫలం అది. పిల్లవాణ్ని పైకి పంపడమంటే పెద్దవాళ్లు అందరూ తలా ఒక చేయి వేయాలి. ఒకరు కని పెంచుతారు, ఒకరు నేర్పుతారు, ఒకరు చేతిలో పనిముట్టు పెడతారు.

1995

1995 జులై 17న ఫాంజియో తన ఎనభై నాలుగో ఏట అర్జెంటీనాలో కన్నుమూశాడు. నిండు జీవితం. తన శిష్యులు పెద్దవాళ్లు కావడం, వాళ్ల శిష్యులు రావడం కళ్లారా చూశాడు.

సరిగ్గా మరుసటి నెలలో, ఆగస్టులో, విమాన ప్రమాదంలో కరివర్ధన్ చనిపోయారు. అప్పటికి ఆయన వయసు నలభై ఒకటి. ఫాంజియో మొదటి ప్రపంచ బిరుదు గెలిచిన వయసుకు ఒక్క ఏడాది ఎక్కువ, అంతే.

నాటిన మొక్క కాయ కాయకముందే తోటమాలి పోయినట్టయింది. మరుసటి ఏడాదే, 1996లో, నరైన్ ఫార్ములా ఆసియా సిరీస్ గెలిచాడు. అది గెలిచిన తొలి ఆసియా డ్రైవరతను. తర్వాత తొమ్మిదేళ్లకు, 2005 మార్చిలో, ఆస్ట్రేలియాలో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్ రేసులో దిగాడు. ఒక భారతీయుడు ఆ గీత మీద కారు నిలపడం అదే మొదలు. ఆ జూన్‌లో అమెరికా రేసులో టైర్ల భద్రత గొడవ వల్ల చాలా జట్లు తప్పుకుని ఆరు కార్లే పరిగెత్తాయి. నరైన్ నాలుగోవాడిగా వచ్చి అయిదు పాయింట్లు తెచ్చుకున్నాడు. 2010లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. వీటిలో ఏ ఒక్కటీ కరి చూడలేదు.

ఆయన పేరు మీద దారి

గురువు పోతే బడి మూతపడటం మన దగ్గర మామూలే. కరి విషయంలో అలా జరగలేదు. కారణం ఏమిటంటే, ఆయన తన విద్యను తన దగ్గరే దాచుకోలేదు. కారు ఎలా కట్టాలో పదిమందికి తెలుసు, జట్టు ఎలా నడపాలో పదిమందికి తెలుసు. ఎల్‌జీ బాలకృష్ణన్ సంస్థకు చెందిన బి.విజయకుమార్ కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో ట్రాకు కట్టించారు. చిన్న విమానాలు దిగడానికని మొదలైన చోటు, 2000ల తొలి ఏళ్లలో రేసు ట్రాకుగా మారింది. పొడవు 2.1 కిలోమీటర్లు. దానికి పెట్టిన పేరు కరి మోటార్ స్పీడ్‌వే. జాతీయ పోటీలు అక్కడ జరుగుతాయి. ఫార్ములా మారుతి తర్వాత వచ్చిన ఫార్ములా ఎల్‌జీబీ కార్లు కూడా అదే ఆలోచన. తక్కువ ఖర్చు, అందరికీ ఒకే కారు, కొత్తవాళ్లకు మొదటి మెట్టు.

ఆ మెట్టు ఆడపిల్లలకూ అందింది. చెన్నై అమ్మాయి అలీషా అబ్దుల్లా తండ్రి ఆర్.ఎ.అబ్దుల్లా మోటారు సైకిల్ రేసుల్లో పేరున్న మనిషి. ఆయనే కూతురికి గురువు. చిన్నతనంలో గోకార్టులతో మొదలుపెట్టి, బైకులు, కార్లు నడిపి, మగవాళ్లతో కలిసి పోటీపడి ఆమె జాతీయ స్థాయికి చేరింది. వడోదర అమ్మాయి మీరా ఎర్దా కూడా ఒక్క సీటు రేసుకార్లలో పేరు తెచ్చుకుంది. 2022లో మొదలైన ఇండియన్ రేసింగ్ లీగ్‌లో ప్రతి జట్టులోనూ ఒక మహిళా డ్రైవరు ఉండాలని నిబంధనే పెట్టారు. ఒకే కారును ఇద్దరు పంచుకుని నడుపుతారు. మనవైపు జనం కూడా ఆ కార్ల హోరు విన్నారు. ఆ లీగ్ హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డుకు వచ్చింది. 2023 ఫిబ్రవరిలో అదే చోట కరెంటుతో నడిచే ఫార్ములా ఈ కార్ల ప్రపంచ పోటీ జరిగింది.

ఏలూరులో, గూడెంలో ఇప్పుడు ఏ వీధిలో చూసినా అమ్మాయిలు స్కూటీల మీద కాలేజీకి పోతున్నారు. ఉద్యోగాలకు కార్లు నడుపుకుంటూ వెళ్తున్న ఇల్లాళ్లూ ఉన్నారు. వాళ్లకు మొదటిసారి హ్యాండిల్ పట్టించింది అన్నయ్యో, నాన్నో, పక్కింటి అక్కో అయ్యుంటారు. వెనక పరుగెత్తుతూ, బండిని పట్టుకున్నట్టే పట్టుకుని, ఎప్పుడో చెప్పకుండా వదిలేసి ఉంటారు. కొంతదూరం పోయాక గానీ తెలియదు, వెనక ఎవరూ లేరని.

చెట్టిపాళయం ట్రాకు మీద కొత్త డ్రైవర్లు మొదటిసారి చుట్టు తిరుగుతున్నప్పుడు వాళ్ల ముందు ఒక సీనియరు కారు పోతూ దారి చూపుతుంది. ఒకటి రెండు చుట్లయ్యాక అది పక్కకు తప్పుకుంటుంది. ట్రాకు ఖాళీ అవుతుంది. ఆ తర్వాత కుర్రాళ్లు తమంతట తామే నడుపుకుపోతారు.